కేంబ్రిడ్జిలో గది వెతుక్కునేవాళ్లకు

కేంబ్రిడ్జిలో పి.జి. సీటొస్తే పాఠం డిపార్టుమెంటుది, గది కాలేజీది. మొత్తం 31 కాలేజీలు. దరఖాస్తులో రెండింటి పేర్లు రాయొచ్చు. ఎంత పాత కాలేజీ అన్నది కాదు, గది ఎన్నేళ్లిస్తారో, సెలవుల్లో వుండనిస్తారో ముందే రాసి అడగండి. 1964లో పి.జి. విద్యార్థుల కోసమే పెట్టిన డార్విన్ లాంటివీ వున్నాయి.

బయట 'మనవాళ్ల' ఇంట్లో వాటా చౌక పడొచ్చు. అయితే ఇంటిపేరు, ఊళ్లో ఏ వాడో అడిగాకే వంటగదిలోకి రానిచ్చేవాళ్లూ వుంటారు. (సముద్రం దాటితే కులం పోతుందన్నారు పెద్దలు. పోలేదు.) 2010 నాటి బ్రిటన్ సమానత్వ చట్టం కులవివక్షను విడిగా నిషేధించలేదు. 2014లో అప్పీలు ట్రిబ్యునల్ అది జాతిమూలం కిందికి రావొచ్చంది; 2018లో ప్రభుత్వం విడిగా చేర్చబోమంది. అంచేత గది ఒప్పందం కాలేజీతో, మీ పేరునే వుండాలి. వేధింపు ఎదురైతే ఫిర్యాదుకి అక్కడ ట్యూటరుంటారు. వాటా ఇంట్లో ఆ దిక్కు లేదు.