ల్యాప్‌టాప్ తాపం - నివారణోపాయం

యంత్రమేదైనా పనిచేసేటప్పుడు వేడెక్కడం సహజం. తిరగలిలో పిండి విసిరినప్పుడు రాయి వెచ్చబడటం మన పెద్దలకు అనుభవంలో ఉన్న విషయమే. అక్కడ వేడికి కారణం రాపిడి. అయితే రాళ్ళ రాపిడి వంటిదేదీ లేని ల్యాప్‌టాప్ ఎందుకు వేడెక్కుతుంది? ఆ వేడిని తగ్గించడానికి అంగళ్ళలో అమ్మే కూలింగ్ ప్యాడ్ నిజంగా ఉపయోగపడుతుందా? ఉపయోగపడితే ఎటువంటిదాన్ని ఎంచుకోవాలి? ఈ ప్రశ్నలకు సమాధానాలు భౌతికశాస్త్రంలో మీరు చదివే ఉష్ణ నియమాలలోనే ఉన్నాయి.

మదీనాగూడలో ఒక మేడగది

హైదరాబాదు నుంచి ముంబయి వెళ్ళే జాతీయ రహదారి మీద మియాపూర్, చందానగర్‌ల నడుమ ఉన్న ప్రాంతం మదీనాగూడ. పేరులోని 'గూడ' అనే మాట అది ఒకప్పుడు చిన్న పల్లె అని గుర్తుచేస్తుంది. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత హైటెక్ సిటీ చుట్టూ సాఫ్ట్‌వేర్ సంస్థలు విస్తరించాయి. వాటిలో పనిచేసేవారికి నివాసాలు కావలసి వచ్చి మదీనాగూడ వంటి పల్లెలు అపార్టుమెంట్ల వాడలుగా మారాయి. 2017 నవంబరులో మియాపూర్ నుంచి మెట్రో రైలు నడవసాగడంతో ఈ ప్రాంతపు రద్దీ మరింత పెరిగింది.

కార్యాలయాలలో కంప్యూటర్లను చల్లగా ఉంచే బాధ్యత ఏసీ యంత్రాలది. ఉద్యోగి దాన్ని గురించి ఆలోచించవలసిన అవసరమే ఉండేది కాదు. 2020 మార్చిలో కరోనా కారణంగా లాక్‌డౌన్ విధించినప్పుడు ఆ పనంతా ఒక్కసారిగా ఇళ్ళలోకి వచ్చింది. పిల్లల పాఠాలు కూడా ల్యాప్‌టాప్ తెర మీదికే చేరాయి. 2019 నుంచి జేఈఈ మెయిన్ ఇంజనీరింగ్ ప్రవేశపరీక్షను పూర్తిగా కంప్యూటర్ మీదనే నిర్వహిస్తున్నందువల్ల నమూనా పరీక్షలు రాయడానికి కూడా విద్యార్థికి ఆ యంత్రం అవసరమైంది.

మే నెల మధ్యాహ్నం హైదరాబాదులో ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్‌ను దాటడం అరుదేమీ కాదు. పై అంతస్తు గదిలో ఎండకు కాగిన కప్పు కింద ఆ వేడి ఇంకా ఎక్కువగా తోస్తుంది. చాలా ల్యాప్‌టాప్‌లను 10 నుంచి 35 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రతలో వాడవలసిందిగా తయారీదారులు సూచిస్తారు. అంటే ఏసీ లేని మేడగదిలో వేసవి మధ్యాహ్నం ల్యాప్‌టాప్‌ను తెరవడమంటే, దానికి విధించిన హద్దు దాటిన చోట దానిచేత పనిచేయించడమే. మూడు గంటల నమూనా పరీక్ష నడుమ యంత్రం మందగించినా, హఠాత్తుగా ఆగిపోయినా నష్టపోయేది విద్యార్థి. తల్లిదండ్రులు వాయిదాల మీద కొనిచ్చిన వస్తువు రెండేళ్ళకే పాడైతే ఆ భారం ఇంటిల్లిపాదిది. కనుక ఈ విషయం చిన్నదిగా కనిపించినా ఉపేక్షించదగినది కాదు.

వేడి ఎలా పుడుతుంది?

తీగ గుండా విద్యుత్తు ప్రవహించినప్పుడు వేడి పుడుతుందనీ, ఆ వేడి విద్యుత్ప్రవాహపు వర్గానికీ, తీగ నిరోధానికీ అనులోమానుపాతంలో ఉంటుందనీ 1841లో జేమ్స్ ప్రెస్కాట్ జౌల్ నిరూపించాడు. ల్యాప్‌టాప్‌కు మెదడు వంటిదైన ప్రాసెసర్‌లో వందల కోట్ల ట్రాన్సిస్టర్లు ఉంటాయి. అవి క్షణక్షణమూ తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండటానికి విద్యుత్తును వినియోగిస్తాయి. ఆ శక్తి దాదాపు అంతా చివరకు ఉష్ణంగానే మారుతుంది. 15 వాట్ల ప్రాసెసర్ అంటే, గోరంత చోటులో 15 వాట్ల వేడిని పుట్టించే పొయ్యి అని చెప్పవచ్చు.

ఈ వేడిని బయటికి పంపడం తొలినాళ్ళ నుంచీ నిర్మాతలకు సమస్యగానే ఉంది. 1982లో వెలువడిన గ్రిడ్ కంపాస్ అనే యంత్రానికి ఫ్యాను లేదు. దాని మెగ్నీషియం లోహపు పెట్టే వేడిని గ్రహించి గాలిలోకి వదిలేది. నేటి ల్యాప్‌టాప్‌లలో ఎక్కువ భాగం 'హీట్ పైపు' మీద ఆధారపడతాయి. 1963లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ దీన్ని రూపొందించాడు. మూసివేసిన రాగి గొట్టంలో కొద్దిపాటి ద్రవం ఉంటుంది. ప్రాసెసర్ వద్ద అది వేడిని గ్రహించి ఆవిరవుతుంది. ఆ ఆవిరి గొట్టం రెండవ కొనకు చేరి, అక్కడ వేడిని విడిచి మళ్ళీ ద్రవమై వెనుకకు వస్తుంది. ఆ రెండవ కొన వద్ద ఉన్న సన్నని లోహపు రేకుల నడుమ నుంచి ఫ్యాను గాలిని తోసి వేడిని బయటికి పంపుతుంది. ఈ విధంగా ఉష్ణవహనం, బాష్పీభవనం, ఉష్ణసంవహనం మూడూ ఆ చిన్న పెట్టెలో కలిసి పనిచేస్తాయి.

వేడి హద్దు మీరినప్పుడు ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. చాలా ప్రాసెసర్లలో ఈ హద్దు 100 డిగ్రీలకు కాస్త అటూఇటూగా ఉంటుంది. అప్పటికీ వేడి తగ్గకపోతే యంత్రం ఆగిపోతుంది. ఇది ఆత్మరక్షణే తప్ప లోపం కాదు. అయితే ఇటువంటి రక్షణ బ్యాటరీకి అంతగా లేదు. నిరంతరమైన వేడి లిథియం అయాన్ బ్యాటరీ ఆయుష్షును క్రమంగా హరిస్తుంది.

విసనకర్ర, కూజా

కూలింగ్ ప్యాడ్ అంటే ఒకటో రెండో ఫ్యాన్లు అమర్చిన పీట. దాని మీద ల్యాప్‌టాప్‌ను ఉంచితే ఫ్యాన్లు అడుగు నుంచి గాలిని విసురుతాయి. పేరులో 'కూలింగ్' అనే మాట ఉన్నందువల్ల అది చల్లదనాన్ని సృష్టిస్తుందని చాలామంది భ్రమపడతారు. ఈ భ్రమ తొలగాలంటే విసనకర్రకూ, కూజాకూ గల భేదాన్ని గుర్తించాలి.

మట్టి కూజా గోడలలోని సూక్ష్మరంధ్రాల గుండా నీరు బయటికి చెమరుస్తుంది. అది ఆవిరవుతూ లోపలి నీటి నుంచి వేడిని తీసుకుంటుంది. అందువల్లనే కూజాలోని నీరు గది గాలికంటె చల్లగా ఉంటుంది. వేసవిలో కిటికీలకు కట్టి నీరు చల్లే వట్టివేళ్ళ తడికలలోని రహస్యమూ ఇదే. విసనకర్ర అటువంటిది కాదు. అది గాలిని కదిలిస్తుందే గాని చల్లబరచదు. దానివల్ల మనకు హాయి కలగడానికి ముఖ్య కారణం మన ఒంటి మీది చెమట ఆరడం. ల్యాప్‌టాప్‌కు చెమట పట్టదు. కనుక ఫ్యాను ఎంత వేగంగా తిరిగినా దాన్ని గది గాలికంటె చల్లగా చేయలేదు.

ఒక చిన్న లెక్కతో దీన్ని పరిశీలిద్దాం. ఒక పని చేసేటప్పుడు ప్రాసెసర్ ఉష్ణోగ్రత గది ఉష్ణోగ్రతకంటె 55 డిగ్రీలు ఎక్కువగా ఉంటుందనుకుందాం. గది 26 డిగ్రీలున్న వేకువజామున అది 81 డిగ్రీలు. గది 41 డిగ్రీలున్న మధ్యాహ్నం 96 డిగ్రీలు. కూలింగ్ ప్యాడ్ వల్ల ఆ 55 డిగ్రీల పెరుగుదల 49కి తగ్గిందనుకుంటే, మధ్యాహ్నం 90 డిగ్రీలవుతుంది. అది మేలే. కాని వేకువనే లేచి ఆ పని చేసుకుంటే పైసా ఖర్చు లేకుండా అంతకంటె ఎక్కువ మేలు కలుగుతుంది. కూలింగ్ ప్యాడ్ తగ్గించగలిగేది ఆ పెరుగుదలను మాత్రమే. గది వేడిని కాదు.

కొనుగోలుకు ముందు ఒక పరీక్ష

సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి కంప్యూటర్ అంగళ్ళ సముదాయాలలో కొన్ని వందల రూపాయల నుంచి కొన్ని వేల రూపాయల వరకు ధర గల ప్యాడ్లు దొరుకుతాయి. అక్కడికి బయలుదేరే ముందు ఇంట్లోనే ఒక పరీక్ష చేయవచ్చు. ప్రాసెసర్ ఉష్ణోగ్రతను చూపే ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ల్యాప్‌టాప్‌ను బల్ల మీద సమతలంగా ఉంచి, అరగంటసేపు ఒకే రకమైన పని చేయించి ఉష్ణోగ్రతను రాసుకోవాలి. అది చల్లారిన తరువాత వెనుక అంచు కింద రెండు పక్కలా సమానమైన ఎత్తు గల పుస్తకాలు పెట్టి, అడుగున గాలి ఆడేటట్లు చేసి, అదే గదిలో అదే పనిని మళ్ళీ అరగంట చేయించాలి. పుస్తకాలు గాలి రంధ్రాలను కప్పకుండా చూసుకోవాలి.

రెండవసారి ఉష్ణోగ్రత స్పష్టంగా తగ్గితే ఆ యంత్రానికి అడుగు నుంచి గాలి అవసరమని అర్థం. అప్పుడు ప్యాడ్ ఉపకరిస్తుంది. ఒక్కొక్కప్పుడు ఫ్యాను లేని సాదా పీట అయినా చాలు. ఏమాత్రం తేడా రాకపోతే లోపం వేరేచోట ఉందని భావించాలి. లోహపు రేకుల నడుమ దుమ్ము పేరుకొని ఉండవచ్చు. ప్రాసెసర్ మీద పూసిన ఉష్ణవాహక లేపనం ఎండిపోయి ఉండవచ్చు. లేదా తెరవెనుక అనవసరమైన ప్రోగ్రాములు నడుస్తూ ఉండవచ్చు. నిత్యం వాహనాలు తిరిగే రహదారి పక్కన, కొత్త కట్టడాలు లేచే చోట దుమ్ముకు కొదవ ఉండదు. అటువంటప్పుడు ప్యాడ్ కొనడంకంటె సర్వీసు కేంద్రంలో శుభ్రం చేయించడమే మేలు.

ఎంపికలో గమనించవలసినవి

మొదటిది, గాలి రంధ్రాల స్థానం. ల్యాప్‌టాప్‌ను తిప్పి చూస్తే గాలిని లోపలికి పీల్చే రంధ్రాలు ఎక్కడున్నాయో తెలుస్తుంది. ప్యాడ్ ఫ్యాన్లు సరిగ్గా వాటి కిందికి రావాలి. అడుగున రంధ్రాలే లేని యంత్రానికి ఫ్యాన్ల వల్ల కలిగే లాభం స్వల్పం. అయితే అడుగు లోహంతో చేసినదైతే, దాన్ని తాకే గాలి కొంత వేడిని తీసుకుపోతుంది.

రెండవది, గాలి దిశ. ల్యాప్‌టాప్ అడుగు నుంచి గాలిని పీల్చుకుంటూ ఉంటే ప్యాడ్ గాలిని పైకి తోయాలి. కిందికి లాగే ప్యాడ్‌ను దానికి జతచేస్తే రెండు ఫ్యాన్లూ ఒకదానితో ఒకటి పోరాడినట్లవుతుంది.

మూడవది, ఫ్యాన్ల పరిమాణం. చిన్న ఫ్యాన్లు ఎక్కువ గాలిని ఇవ్వాలంటే వేగంగా తిరగాలి. అందువల్ల రొద పెరుగుతుంది. నెమ్మదిగా తిరిగే ఒక పెద్ద ఫ్యాను తక్కువ శబ్దంతోనే తగినంత గాలిని ఇవ్వగలదు. చదువుకునే గదిలో నిశ్శబ్దం కూడా ఒక గుణమే.

నాల్గవది, విద్యుత్తు. చాలా ప్యాడ్లు ల్యాప్‌టాప్ యూఎస్‌బీ ద్వారం నుంచే విద్యుత్తును తీసుకుంటాయి. యూఎస్‌బీ 2.0 ద్వారం ప్రమాణం ప్రకారం 5 వోల్టుల వద్ద 500 మిల్లీ ఆంపియర్లు, అంటే 2.5 వాట్లు మాత్రమే ఇస్తుంది. కరెంటు పోయి బ్యాటరీ మీద పనిచేసేటప్పుడు ఆ భారం బ్యాటరీ మీదనే పడుతుందని మరువరాదు.

ఐదవది, నిర్మాణం. పైభాగం లోహపు జాలీ అయితే గాలి ధారాళంగా ఆడుతుంది. ల్యాప్‌టాప్ కొలతకు తగిన వెడల్పు, జారిపోకుండా ఆపే అంచు, ఫ్యాన్లను తుడుచుకునే వీలు ఉండాలి. రంగురంగుల దీపాలు చూపులకే గాని చల్లదనానికి కాదు.

కొన్ని హెచ్చరికలు

పరుపు మీద, దిండు మీద ల్యాప్‌టాప్‌ను ఉంచితే గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. గంటల తరబడి ఒడిలో పెట్టుకుంటే చర్మం కందిపోయి వలలాంటి మచ్చలు ఏర్పడవచ్చు. ప్రతిదినమూ కొన్ని గంటలపాటు ల్యాప్‌టాప్‌ను తొడల మీద ఉంచుకొని ఆటలాడిన 12 ఏళ్ళ బాలునికి ఇటువంటి మచ్చలు ఏర్పడిన ఉదంతాన్ని 2010లో స్విట్జర్లాండు వైద్యులు 'పీడియాట్రిక్స్' పత్రికలో ప్రకటించారు. తడిగుడ్డనో, మంచుగడ్డల సంచినో యంత్రం కింద ఉంచడం మరీ ప్రమాదకరం. గాలిలోని తేమ చల్లని భాగాల మీద నీటి బిందువులై లోపలి వలయాలను పాడుచేస్తుంది.

అన్నింటికంటె ముఖ్యమైనది బ్యాటరీ. 2006 ఆగస్టులో మంటలంటుకునే ప్రమాదముందని డెల్ సంస్థ సోనీ తయారుచేసిన సుమారు 41 లక్షల ల్యాప్‌టాప్ బ్యాటరీలను వెనక్కి పిలిపించింది. బ్యాటరీలో లోపముంటే బయటి నుంచి గాలి విసిరినంత మాత్రాన అది తొలగదు. అడుగుభాగం ఉబ్బినా, టచ్‌ప్యాడ్ పైకి లేచినా, వింత వాసన వచ్చినా వెంటనే యంత్రాన్ని ఆపి, చార్జర్‌ను తీసివేసి, నిపుణులకు చూపించాలి. ఉబ్బిన బ్యాటరీని నొక్కడం గాని, పొడవడం గాని చేయరాదు. దాన్ని చెత్తబుట్టలో వేయకుండా ఎలక్ట్రానిక్ వ్యర్థాలను సేకరించేవారికి అప్పగించాలి.

ఉపసంహారం

జ్వరం వచ్చినవాని నుదుటి మీద తడిగుడ్డ వేస్తే ఉపశమనం కలుగుతుంది. రోగ కారణం మాత్రం తొలగదు. కూలింగ్ ప్యాడ్ కూడా అటువంటి ఉపశమన సాధనమే. దుమ్ము దులపడం, గాలి ఆడే చోటును ఎంచుకోవడం, బరువైన పనులను చల్లని వేళకు మార్చుకోవడం మొదటి చికిత్స. ఆ తరువాత కూడా అవసరమని పరీక్షలో తేలితే ప్యాడ్ కొనడం వివేకం. వస్తువును కొనే ముందు కొలిచి చూడటం, కొలిచిన దాన్ని బట్టి నిర్ణయించుకోవడం శాస్త్రీయ దృక్పథానికి లక్షణాలు. ప్రయోగశాలలో నేర్చుకున్న ఆ పద్ధతి ఇంట్లోని చదువుబల్ల దగ్గర కూడా అక్కరకు వచ్చినప్పుడే చదువు సార్థకమవుతుంది.

ప్రశ్నలు

1. ల్యాప్‌టాప్‌లో వేడి పుట్టే విధానాన్ని, అది బయటికి వెళ్ళే మార్గాన్ని వివరించండి.
2. విసనకర్రకూ, కూజాకూ గల భేదం ద్వారా రచయిత ఏమి తెలియజేశారు?
3. కూలింగ్ ప్యాడ్‌ను ఎంచుకునేటప్పుడు గమనించవలసిన అంశాలేవి?
4. బ్యాటరీ విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలను సంగ్రహంగా రాయండి.