గాజుతొట్టిలోని చేపలకు ఊపిరాడనప్పుడు

"ఒడ్డున పడిన చేపవలె కొట్టుకొనుచున్నాడు" అని మనము తఱచుగా వాడు మాట కలదు. నీరు లేనిచో చేప బ్రదుకజాలదని యెల్లరు నెఱుగుదురు. నిండు నీటియందే చేపకు ఊపిరాడక ప్రాణము పోవచ్చునను సంగతి మాత్రము ఎఱిగినవారు తక్కువ.

బెంగుళూరులో కబ్బన్ ఉద్యానవనమున 1983లో ప్రారంభమైన ప్రభుత్వ మత్స్యప్రదర్శనశాలను చూచి పెరిగిన పిల్లలెందఱో తమ యింటను ఒక గాజుతొట్టి కావలెనని కోరినవారే. మా యింటను అట్లే ఒక తొట్టి వెలసినది. ఒక రాత్రి విద్యుత్తు పోయి గాలిపంపు నిలిచిపోయెను. తెల్లవారుసరికి బంగారుచేపలన్నియు నీటి పైకి చేరి నోళ్లు తెఱచుచు మూయుచు నుండెను. అవి ఆకలిగొన్నవని తలచి నేను మేత చల్లితిని. సాయంకాలమునకు మూడు చేపలు వెల్లకిలఁబడి తేలెను. అవి యడిగినది మేత కాదు, గాలి. నా యజ్ఞానము ఇతరుల యిండ్లలో మరల జరుగకుండుటకై ఈ విషయమును వివరింపఁబూనితిని.

నీటి సంఘటనమునందే ఆమ్లజని యున్నది గదా, చేపకు కొఱత యేమని కొందఱు సందేహింతురు. ఆ యామ్లజని ఉదజనితో గట్టిగా బంధింపబడి యున్నందున చేపకు ఉపయోగపడదు. గాలినుండి నీటిలో కరగిన ప్రాణవాయువే దానికి ఆధారము. మనము పీల్చు గాలిలో లీటరునకు సుమారు 210 మిల్లీలీటర్ల ప్రాణవాయువు కలదు. 25 డిగ్రీల వేడిమిగల నీటిలో లీటరునకు 6 మిల్లీలీటర్లకు మించి యిముడదు. ఇంత స్వల్పమును గ్రహించుటకే చేప మొప్పలలో నీరొక దిక్కుగను, రక్తము దాని కెదురుదిక్కుగను ప్రవహించు నేర్పాటున్నది.

తూకమునుబట్టి చూచినచో మచిలీపట్టణమువంటి తీరప్రదేశమున 25 డిగ్రీల నీటిలో లీటరునకు సుమారు 8.3 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగును. బెంగుళూరు సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున నున్నది. ఇచ్చటి గాలియొత్తిడి తీరముకంటె దాదాపు పదవవంతు తక్కువ. కావున అదే నీటిలో ఇచ్చట సుమారు 7.5 మిల్లీగ్రాములే కరగును. ఊరి చల్లదనము ఈ లోటును కొంత పూడ్చును. కాని వేసవిలో తొట్టినీరు 30 డిగ్రీలకు చేరినచో అది 7 మిల్లీగ్రాములకంటెను తగ్గును. వేడిమి హెచ్చినకొలది నీటిలో ప్రాణవాయువు తగ్గుటయు, చేపదేహమునకు దాని యవసరము పెరుగుటయు ఏకకాలమున జరుగును.

ఇక లోపమునకు ఇతర కారణములను చూతము. తొట్టి చిన్నదై చేపలు హెచ్చుగా నుండుట మొదటిది. తినక మిగిలిన మేత క్రుళ్లుట రెండవది. దానిని క్రుళ్లఁజేయు సూక్ష్మజీవులు చేపలకంటె ముందుగా ప్రాణవాయువును హరించును. నీటిమొక్కలు మూడవది. 1850 ప్రాంతమున లండనులో రాబర్ట్ వారింగ్టన్ చేపలను, నీటిమొక్కలను, నత్తలను ఒకే పాత్రయందుంచి, అవి పరస్పరము పోషించుకొను తీరును చూపెను. అయితే మొక్కలు వెలుగునందు మాత్రమే ప్రాణవాయువు నిచ్చును. రాత్రివేళ అవియును దానిని గ్రహించి బొగ్గుపులుసు వాయువును విడుచును. చేపలు తెల్లవారుజామున నెక్కువగా బాధపడుట కిదియే హేతువు.

నీటిలో ప్రాణవాయువు చాలినంత యున్నను ఊపిరాడని సందర్భములు కలవు. కుళాయిద్వారా వచ్చు కావేరిజలమున కలిపిన క్లోరిన్ మొప్పలను కాల్చును. మలినములనుండి పుట్టు అమ్మోనియాయు అట్టిదే. నైట్రైట్ రక్తమున చేరినచో, రక్తము ప్రాణవాయువును మోయు శక్తిని కోల్పోవును. మొప్పలకు పట్టిన పరాన్నజీవులును ఈ బాధనే కలిగించును.

పైకి వచ్చిన ప్రతి చేపయు ఆపదలో నున్నట్లు కాదు. తెలంగాణమువారి రాష్ట్రమత్స్యమైన కొఱ్ఱమీను, గాజుతొట్టెలలో పెంచు గౌరామి, బెట్టా చేపలు సహజముగనే గాలిని మ్రింగును. అవి ఒక్కసారి పైకి వచ్చి, గాలి గ్రహించి, క్రిందికి పోవును. ఎడతెగక నీటిపైననే నిలిచి, మొప్పలను వడివడిగా నాడించుచు నున్న చేపయే ఆపదలో నున్నది.

అప్పుడు చేయవలసిన దేమి? మేత వెంటనే మానవలెను. ఒక చెంబుతో తొట్టినీటిని ముంచి, జానెడెత్తునుండి మరల అందే ధారగా పోయుచుండవలెను. విద్యుత్తు లేనివేళ ఇంతకంటె సులభమైన యుపాయము లేదు. గాలిపంపు చేయు మేలును ముఖ్యముగా బుడగలవలన గాక, అడుగునీటిని పైకి త్రిప్పి గాలికి తాకించుటవలననే కలుగుచున్నది. పిమ్మట నాలుగవవంతు నీటిని తీసి, సమానమైన వేడిమిగల శుభ్రజలమును పోయవలెను. కుళాయినీటిలోని క్లోరిన్‌ను సోడియం థయోసల్ఫేట్ విఱుచును. గొట్టపుబావి నీటిలో ప్రాణవాయువు మిక్కిలి తక్కువగా నుండును గాన, దానిని రెండు బకెట్ల నడుమ పలుమార్లు తిరుగబోసి వాడవలెను. నీరు వేడెక్కినదని మంచుగడ్డలు వేయరాదు. హఠాత్తుగా వచ్చు మార్పును చేప తాళజాలదు. కారణము తెలియక మందులు పోయుటయు తగదు. ఫార్మలిన్‌వంటివి నీటిలో మిగిలిన ప్రాణవాయువును కూడ తగ్గించును. గుండ్రని గాజుపాత్రను అంచువఱకు నింపక, వెడల్పైన నడుమువఱకే నింపినచో గాలి తాకు వైశాల్యము పెరుగును.

ఈ లెక్క గాజుతొట్టెకే కాదు, చెఱువునకును వర్తించును. 2016 మార్చిలో మన నగరపు హలసూరు చెఱువున వేలకొలది చేపలు చచ్చి తేలినవి. మురుగు చేరి నీటిలో ప్రాణవాయువు క్షీణించుటయే కారణమని నాడు చెప్పబడినది. మిగిలిన మేత తొట్టికేమి చేయునో, మురుగు చెఱువునకు నదియే చేయును. తొట్టిలోని చేపకు చెంబెడు నీటితో మనమొక్కరమే ఊపిరి పోయగలము; చెఱువునకు మాత్రము ఊరందఱి పూనికయు కావలెను. ఇంటిలో ఒక చేప యేల నోరు తెఱచుచున్నదో తెలిసికొన్న బాలుడు, రేపు చెఱువుగట్టున నిలిచినపుడు ఆ నీటి సంగతిని విచారింపక మానడు.