బండలున్న జాగా ఖాళీ జాగా కాదు

"బండలూ తుప్పలూ తప్ప అక్కడ ఏముందండీ?" హైదరాబాదు పడమటి శివార్లలో కొత్త వెంచరు మాట వచ్చినప్పుడల్లా ఈ ప్రశ్న వింటున్నాను. శిస్తు రాని నేలంతా ఖాళీ నేలేనన్న పాత లెక్క చదువుకున్నవాళ్లనూ వదల్లేదు.

ఆ బండల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. భూగర్భంలో గట్టిపడిన గ్రానైటు అది. పైపొరలు కోతకు పోయేకొద్దీ పగుళ్లలోకి నీరు దిగి మూలలు అరిగిపోయాయి. ఒకదానిపై ఒకటి నిలిచిన గుండ్లు అలా మిగిలినవే. వాస్తు ప్రకారం ఈశాన్యంలో బరువు ఉండకూడదని వాటిని పేల్చేయించేవాళ్లున్నారు. ఏ ఇంటి కష్టానికీ బండ దిక్కు కారణం కాదు. ఆ భయం వల్ల పోయిన బండ మాత్రం మళ్లీ రాదు.

20,000 చదరపు మీటర్లు, ఆపైన కట్టే ప్రాజెక్టుకు పర్యావరణ అనుమతి ఉండాలని 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా (ఈఐఏ) నోటిఫికేషన్ చెప్పింది. దానితో వచ్చిన ఫారం 1ఏ, కట్టడం వల్ల దృశ్యానికి అడ్డు వస్తుందా, జీవవైవిధ్యానికి ముప్పు ఉందా అని సూటిగానే అడుగుతుంది. ఆ జవాబులు తయారయ్యే తీరే నాకు బాధ.

ఎండాకాలంలో ఒక పూట వచ్చి, నాలుగు ఫొటోలు తీసుకుని, చెప్పుకోదగ్గ జీవులు లేవని రాసేయడమంటే పెళ్లిచూపుల్లో కాఫీ తాగి లేస్తూనే ముహూర్తం పెట్టుకోవడమే. పెద్దలు అలా చేయరు. ఊళ్లో వాకబు చేస్తారు, పాలవాణ్ణి అడుగుతారు, చెప్పకుండా ఇంకోసారి వెళ్తారు. గుట్ట విషయంలో ఆ పాలవాడు గొర్రెల కాపరి. పెద్ద గుడ్లగూబ ఏ బండ అంచున గుడ్లు పెడుతుందో అతనికి తెలుసు. అది గూడు కట్టదు, నేల మీదే పెడుతుంది. కొత్తగా వచ్చినవాడు పక్కనుంచి నడిచి వెళ్లినా గమనించడు. చెప్పకుండా వెళ్లాల్సిన ఆ రెండోసారి తొలకరిలో, రాత్రిపూట వెళ్లాలి. బండల గుంటల్లో నీళ్లు నిలిచి కప్పలు అరిచేది అప్పుడే. ఈ వాకబు ఒక ఏడాది పడుతుంది. పడనివ్వాలి.

దృశ్యం సంగతికి వస్తే, ప్లాటు మధ్య నిలబడి చూడటమే మొదటి తప్పు. బాల్కనీలోంచి ఏం కనిపిస్తుందో బ్రోచరే చెబుతుంది. మనం లెక్కకట్టాల్సింది బయటివాళ్లు పోగొట్టుకునేదాన్ని. చెరువు కట్ట, గుడి మెట్లు, బస్టాపు వంటి చోట్లు ముందు గుర్తించాలి. అక్కడ నిలబడిన మనిషి కంటి నుంచి గుట్ట కొసకు ఒక గీత గీయాలి. నేల చదునుగా ఉందనుకుందాం. గుట్ట కిలోమీటరు దూరంలో ఉంది, దాని కొస కంటికన్నా 40 మీటర్లు ఎత్తు. సరిగ్గా సగం దూరంలో ఆ గీత కంటికన్నా 20 మీటర్ల పైన పోతుంది. కంటి ఎత్తు మరో మీటరున్నర కలుపుకుంటే, అంతస్తుకు 3 మీటర్ల చొప్పున ఏడంతస్తుల దాకా కట్టవచ్చు. ఎనిమిదోది గుట్ట కొసను కప్పేస్తుంది. అదే కట్టడం మనిషికి 200 మీటర్ల దూరానికి వస్తే మూడంతస్తులకే హద్దు. గుట్టకు దగ్గరగా, 800 మీటర్ల దగ్గరైతే పదకొండు కూడా పడతాయి. అంటే ఎన్ని అంతస్తులు అన్న ఒక్క ప్రశ్న చాలదు. ఎక్కడ, ఎవరి కంటికి అన్నవి కూడా అడగాలి.

స్విట్జర్లాండ్‌లో అనుమతి ఇచ్చే ముందే, రాబోయే ఇంటి ఎత్తునూ ఆకారాన్నీ చూపేలా స్థలంలో గడలు పాతిస్తారు. ఇరుగుపొరుగు చూసి అభ్యంతరం చెప్పవచ్చు. నాకు ఎంతో నచ్చిన పద్ధతి ఇది. మన చెరువు కట్టల మీద నుంచి చూసేందుకు కొలత తాడు కట్టిన బెలూను ఎగరేసినా చాలు.

1996లో ఏర్పడిన సొసైటీ టు సేవ్ రాక్స్ ఏళ్లతరబడి మొత్తుకున్నాక నగర వారసత్వ జాబితాలో తొమ్మిది శిలాసముదాయాలకు చోటు దొరికింది. దుర్గం చెరువు చుట్టూ ఉన్న గుట్టలు అందులోవే. ఇప్పుడు ఆ చెరువు దగ్గర నిలబడితే బండలకన్నా ముందు కనిపించేవి టవర్లే. పేల్చిన చోట పామ్ చెట్లూ పచ్చికా పెంచినంత మాత్రాన బండ సందుల్లో బతికే తొండ తిరిగి రాదు.

ఇళ్ల ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదని 2006 నోటిఫికేషనే మినహాయించింది. కాబట్టి పొరుగువాళ్లను పిలిచి అడిగేవాళ్లుండరు. అయినా దరఖాస్తులూ అనుమతి పత్రాలూ కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో ఉంటాయి. షరతులు ఎంతవరకు పాటించారో చెప్పే నివేదికను బిల్డరు ఏటా జూన్ 1న, డిసెంబరు 1న సమర్పించాలి. అదీ బహిరంగ పత్రమే. ఫ్లాటు కొనేవాళ్లు అడ్వాన్సు ఇచ్చే ముందు, దృశ్యం, జీవజాతులు అన్న గడుల్లో ఏం రాశారో, ఏ నెలలో చూసి రాశారో చదవాలి.