కార్బన్ డబ్బులంటూ కాగితం తెస్తే, సంతకానికి ముందు



ఈ మధ్య ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తోంది. "అన్నా, మల్బరీ తోటకి కార్బన్ డబ్బులొస్తాయంట, పట్టా జిరాక్సు, ఆధార్ ఇమ్మంటున్నారు. ఇవ్వొచ్చా?" ఒక్క మాటలో చెప్పలేం, అందుకే ఈసారి దాని గురించే రాస్తున్నాం.

చెట్టు గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి కాండంలో, వేర్లలో దాచుకుంటుంది. అలా దాచిన ఒక టన్నుకి ఒక క్రెడిట్. పొగ వదిలే కంపెనీ దాన్ని కొంటుంది. వ్యాపారం ఇంతే.

మన కకిరిగుమ్మ చుట్టుపక్కలకి ఇది కొత్తేమీ కాదు. కోరాపుట్, రాయగడ, కలహండి, అటు విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో చిన్న రైతుల పొలాల్లో నీలగిరి, సరుగుడు వేయించిన పథకం ఒకటి 2011లో ఐక్యరాజ్యసమితి సీడీఎం కింద నమోదైంది. క్రెడిట్లు కొనడానికి ముందుకొచ్చింది ప్రపంచ బ్యాంకు బయోకార్బన్ ఫండ్. అయితే చెట్టు నరికినా, కాలినా దాచిన గాలి మళ్ళీ బయటికే పోతుంది కదా! అందుకని సీడీఎంలో చెట్ల క్రెడిట్లకు గడువు పెట్టారు. గడువు తీరితే కొన్నవాళ్ళు ఇంకోటి తెచ్చి పెట్టాలి. యూరప్ మార్కెట్ అయితే వీటిని తీసుకోనే లేదు. అలాంటి సరుకుకి మంచి ధర ఎలా వస్తుంది చెప్పండి?

ఇప్పుడు మన దేశానికే సొంత మార్కెట్ తయారవుతోంది. ఇంధన పొదుపు చట్టాన్ని 2022లో సవరించారు, 2023 జూన్‌లో కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ స్కీమ్ ప్రకటించారు. అల్యూమినియం, కాగితం ఫ్యాక్టరీల్లాంటి వాటికి టన్ను సరుకుకి ఇంతకు మించి వదలకూడదని లక్ష్యం పెడతారు. దాటినవాళ్ళు కొనుక్కోవాలి, తగ్గించినవాళ్ళు అమ్ముకోవచ్చు. పథకం నడిపేది బీఈఈ, ఖాతా పుస్తకం గ్రిడ్ కంట్రోలర్ దగ్గర. కొనుగోలు అమ్మకాల్లో మోసం జరక్కుండా చూసేది కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్. కరెంటు వాళ్ళకి ఇదేం పని అనుకోకండి, ఈ క్రెడిట్లు చేతులు మారేది పవర్ ఎక్స్ఛేంజీల్లోనే మరి.

మనం గమనించాల్సింది ఇక్కడే. ఆ కమిషన్ కాపలా ఎక్స్ఛేంజీలో జరిగే బేరానికి. మన గుమ్మం ముందు ఏజెంటుతో చేసుకునే ఒప్పందాన్ని అక్కడెవరూ చదవరు. పైగా మన దగ్గరికొచ్చే స్కీములు చాలావరకు విదేశీ ప్రైవేటు రిజిస్ట్రీలవి, ఈ మార్కెట్ లోపలివి కావు. 2025 మార్చిలో మన మార్కెట్‌కి ఆమోదించిన మొదటి 8 పద్ధతుల్లో మొక్కలు నాటడానికి ఉన్నది మడ అడవులదే. అందులో మల్బరీ లేదు. డెహ్రాడూన్ సంస్థ చూసే గ్రీన్ క్రెడిట్ అనేది ఇంకో పథకం, రెండిటినీ కలిపి చెబితే అక్కడే అనుమానించండి.

ఇక మల్బరీ సంగతి. ప్రతి పంటకీ కొమ్మలు కోసి పురుగుకి మేపేస్తాం, కాండంలో మిగిలేది ఎంత? ముందునుంచీ ఉన్న తోటకైతే మామూలుగా క్రెడిట్ రాదు, కొత్తగా పెట్టినదానికే లెక్క. ఒప్పందంలో "ఇన్నేళ్ళు పీకకూడదు" అని ఉందనుకోండి, వేరుకుళ్ళు వస్తే ఏం చేస్తారు? తోట 15 ఏళ్ళకి ముదిరిపోతే? దసలి పట్టుకి మద్దిచెట్లు పెంచేవాళ్ళకి ఇంకో చిక్కు: ఆ భూమి అటవీ శాఖదైతే చెట్టు మీద హక్కు ఎవరిదో ముందు తేలాలి.

ఏజెంటు వస్తే ప్రాజెక్టు నంబరు అడగండి. నమోదైనదైతే రిజిస్ట్రీ వెబ్‌సైట్లో ఎవరైనా చూడొచ్చు. కొలత ఎవరు వేస్తారు, మొదటి డబ్బు ఏ ఏడాది, ఖర్చులు పోగా మన వాటా ఎంత, మధ్యలో మానుకుంటే ఏమైనా కట్టాలా, ఇవన్నీ కాగితం మీద, మనకి చదవడానికి వచ్చిన భాషలో ఉండాలి. నోటిమాట లెక్కలోకి రాదు. రిజిస్ట్రేషన్ ఫీజు ముందే కట్టమంటే మాత్రం టీ ఇచ్చి పంపించేయండి.

మీ దగ్గరికి ఒప్పంద పత్రం వచ్చి ఉంటే ఆధార్ నంబరు కనపడకుండా వేలు అడ్డం పెట్టి ఫొటో తీసి గ్రూపులో పెట్టండి. చాకీ పనులు అయ్యాక రాత్రి అందరం కూర్చుని చదువుదాం.