అరకులోయలో అతిథులు

సెలవులు వచ్చినంతనే మన యిండ్లలో "ఎక్కడికి పోవుదము?" అను ప్రశ్న పుట్టును. వృద్ధులకు శ్రమ కలుగరాదు. పిల్లలకు వినోదము కావలెను. తల్లిదండ్రులకు చల్లని గాలియు, కొంత విశ్రాంతియు కావలెను. ఇవి యన్నియు ఒక్కచోట లభించు తావులు మన తూర్పు కనుమలలో కొన్ని కలవు. వానిలో అరకులోయ మిక్కిలి పేరుగన్నది. అచట చూడదగిన వేవి, అవి యెట్లేర్పడినవి, వానిని చూడబోవువారు ఎట్లు మెలగవలెను అను విషయములను ఈ పాఠమున తెలిసికొందము.

అరకులోయ విశాఖపట్టణమునకు సుమారు 115 కిలోమీటర్ల దూరమున, నేటి అల్లూరి సీతారామరాజు జిల్లాలో నున్నది. సముద్రమట్టమునకు దాని యెత్తు 900 మీటర్లకు పైబడును. గాలి పైకి పోయినకొలది దానిపై ఒత్తిడి తగ్గును. అప్పుడది వ్యాకోచించి చల్లబడును. కావున వేయి మీటర్ల యెత్తునకు సుమారు ఆరు డిగ్రీల చొప్పున వేడిమి తగ్గుచుండును. సముద్రతీరమున చెమటలు తుడుచుకొనుచు బయలుదేరినవారు కొన్ని గంటలలో కొండపై హాయిగా ఊపిరి పీల్చుటకు కారణ మిదియే.

అచటికి ఘాటురోడ్డును కలదు, రైలుమార్గమును కలదు. పిల్లలకు రైలు ప్రయాణమే యొక వేడుక. కొత్తవలస నుండి కిరండూలు వరకు పోవు ఈ మార్గమును 1960వ దశకమున నిర్మించిరి. బైలదిల్లా గనులలోని యినుపరాతిని విశాఖ రేవునకు చేర్చుట దాని ప్రధానోద్దేశము. కొండలను తొలిచి, లోయలపై వంతెనలు కట్టి వేసిన ఈ దారిలో యాబదికి మించిన సొరంగములు కలవు. బండి సొరంగములో దూరినప్పుడెల్ల పిల్లలు కేరింతలు కొట్టుదురు. వెలుపలికి వచ్చినంతనే ఒకవైపు కొండచరియయు, రెండవవైపు పచ్చని లోయయు కన్నులకు కట్టును.

దారిలోనే బొర్రా గుహలు కలవు. పూర్వ మొక ఆవు మేయుచు ఇచట నొక గోతిలో పడెననియు, దానిని వెదకుచు లోనికి దిగిన పశువులకాపరికి శివలింగము వంటి శిల కనబడెననియు స్థానికులు చెప్పుదురు. ఇచ్చటి నదికి గోస్తని యని పేరు. ఆవు పొదుగు అని దాని యర్థము.

ఈ గుహను తొలిచిన శిల్పి నీరు. వాననీరు గాలిలోను, మట్టిలోను ఉన్న బొగ్గుపులుసు వాయువును గ్రహించి కొంచెము పులుసుతనము పొందును. అట్టి నీరు సున్నపురాతిని మెల్లమెల్లగా కరగించును. లక్షలాది సంవత్సరములు ఇట్లు జరుగగా కొండలో పెద్ద బోలు ఏర్పడును. కరగిన సున్నముతో గుహ కప్పునుండి దిగు నీటిబొట్టు క్షణకాలము వ్రేలాడి క్రింద పడును. ఆ క్షణములో దానిలోని వాయువు విడిపోవుటచే రవంత సున్నము కప్పునకు అంటుకొనును. అది పెరిగి ఊడవలె క్రిందికి దిగును. నేలపై పడిన బొట్టులోని సున్నము పుట్టవలె పైకి లేచును. రెండును కలిసినచో స్తంభ మగును.

ఈ పని యెంత నెమ్మదిగా సాగునో తెలిసినచో ఆశ్చర్యము కలుగును. చాల గుహలలో ఇట్టి శిల ఏటికి మిల్లీమీటరులో పదియవ వంతు మాత్రమే పెరుగును. సుమారు ముప్పది యేండ్లకు పూర్వము, నేను తెలుగు పండితుడనుగా నున్న కాలమున, మా విద్యార్థులను ఈ గుహలకు తీసికొనిపోయితిని. తిరుగు ప్రయాణములో ఒక బాలుడు తన సంచిలోనుండి బెత్తెడు పొడవు గల తెల్లని రాతిముక్కను తీసి, "మాస్టారూ, మీకొఱకు తెచ్చితిని" అని సంతోషముతో నా చేతిలో పెట్టెను. మెట్లప్రక్కన వ్రేలాడుచున్న శిలను విరిచి తెచ్చినాడు! కాగితముపై లెక్క వేసి చూచితిమి. ఆ ముక్క పెరుగుటకు ఏడెనిమిది వందల సంవత్సరములు పట్టి యుండును. కాకతీయులు ఓరుగల్లు నేలుచున్న నాడు మొదలైన పని యొక్క క్షణములో ముగిసిపోయినది. బాలుని నేను దండింపలేదు. గుహలో అడుగిడుటకు ముందే ఈ సంగతి చెప్పవలసినవాడను నేనే కదా!

విరుచుట మాత్రమే కాదు, ముట్టుటయు హానియే. మన చేతులకున్న జిడ్డు శిలకంటిన తావున సున్నము సరిగా అంటుకొనజాలదు, శిల నల్లబడును.

గుహలనుండి బయలుపడి గోస్తని పల్లమునకు సాగును. విజయనగరం జిల్లాలో దానిపై తాటిపూడి జలాశయము కలదు. పొలములకు పారుటయే కాక, ఆ నీరు విశాఖపట్టణవాసులకు త్రాగుటకును అందుచున్నది. చివరకు నది భీమునిపట్టణమువద్ద సముద్రములో కలియును. కావున నగరమునుండి వచ్చినవాడు కొండవాగులో పారవేసిన చెత్త తన యింటి మంచినీటినే మలినము చేయుచున్నదని గ్రహింపవలెను.

అరకునుండి పాడేరు పోవు దారిలో చాపరాయి యను చోట వాగునీరు విశాలమైన బండపై జారుచు పాఱును. కుటుంబములు ఇచట కూర్చుండి భోజనము చేయుట కిష్టపడును. కాని తడిసిన బండపై పట్టిన నాచు మిక్కిలి జారుడు. ఎగువ కొండలలో వాన కురిసినచో, ఇచట ఎండ కాయుచున్నను ప్రవాహము హఠాత్తుగా పెరుగును. నీరు రంగు మారినను, ఆకులు, పుల్లలు కొట్టుకొని వచ్చినను వెంటనే ఒడ్డునకు చేరవలెను. పసిపిల్లల చేయి పెద్దలు విడువరాదు.

అనంతగిరి ప్రాంతమున కాఫీతోటలు బాటకు ఇరుప్రక్కల కనబడును. కాఫీమొక్కకు నీడ కావలెను. అందుకై సిల్వర్ ఓకు వంటి యెత్తైన చెట్లను పెంచి, వానికి మిరియపు తీగలను ప్రాకించుదురు. ఆ చెట్ల వేళ్లు ఏటవాలు నేలలోని మట్టిని కొట్టుకొనిపోకుండ పట్టి యుంచును. ఇచ్చటి గిరిజన రైతులు పండించు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. శీతకాలమున గింజలు ఎఱ్ఱబడినప్పుడు కోత జరుగును. నోరూరినను ఒక్క గింజనైనను త్రుంచరాదు. అది యొక కుటుంబము ఏడాదిపాటు ఎదురుచూచిన పంట.

కార్తిక మార్గశిర మాసములలో కొండచరియలపై వలిసెపూలు పసుపుపచ్చని తివాసివలె పఱచుకొనును. చూచినవారందఱు ఛాయాచిత్రములకై చేలలోనికి పరుగెత్తుదురు. వలిసె యలంకారమునకు వేసిన పూదోట కాదు. దాని గింజలనుండి నూనె తీయుదురు. తేనెటీగలు పుప్పొడిని మోసినగాని దానికి గింజ సరిగా పట్టదు. నలిగిన ప్రతి మొక్కయు రైతునకు నష్టము. చేనిగట్టుపై నిలిచి చూచినను ఆ యందమునకు కొఱత లేదు. లోనికి పోవలెనన్నచో రైతు అనుమతి పొంది, అతడడిగిన చిన్న రుసుము చెల్లించుట న్యాయము.

అరకులోని గిరిజన ప్రదర్శనశాలలో కొండవాసుల యిండ్లు, పనిముట్లు, నగలు, పండుగలు తెలియునట్లు బొమ్మలు అమర్చియున్నవి. తుడుము, డప్పు, జోడుకొమ్ములు మ్రోగుచుండగా స్త్రీలు ఒకరి నడుము నొకరు చుట్టి వరుసగా అడుగులు కలిపి ఆడు థింసా నృత్యము ఈ ప్రాంతమున ప్రసిద్ధము. వారపుసంతలో పసుపు, చింతపండు, అడ్డాకులు, కొండచీపుళ్లు అమ్మకమునకు వచ్చును. తెల్లవాఱకముందే లేచి, మైళ్లకొలది నడిచి ఆ బరువు మోసి తెచ్చిన అవ్వతో రూపాయికై గీచి గీచి బేరమాడుట మర్యాద కాదు.

ఈ కొండలకు పోవువారు శీతకాలమున ఉన్నిబట్టలును, వానకాలమున గొడుగులును వెంట నుంచుకొనవలెను. తెచ్చిన ప్లాస్టిక్కు సంచులను, సీసాలను తిరిగి తమతో తీసికొనిపోవలెను. ఒకరి చిత్రము తీయదలచినప్పుడు ముందుగా వారి నడుగవలెను. పరుల యింటికి చుట్టముగా పోయినప్పుడు మనము పాటించు మర్యాదలే యివి. అరకులోయ కొందఱికి ఇల్లు. మన మచటి అతిథులము.

ఆ రాతిముక్క నేటికిని నా బల్లపై నున్నది. దానిని తిరిగి అతికించు విద్య యెవరికిని తెలియదు. పదవీవిరమణ చేయువఱకు ప్రతి సంవత్సరము యాత్రకు ముందు దానిని విద్యార్థుల చేతికిచ్చి, దాని కథ చెప్పుచుంటిని. గడచిన శీతకాలమున నా మనుమలతో మరల బొర్రాకు పోయి, మెట్లప్రక్కన ఆ విరిగిన మొదలును వెదకి చూచితిని. ముప్పది యేండ్లలో అది పెరిగినట్లు కంటి కానలేదు. కాని దాని కొనను ఒక నీటిబొట్టు వ్రేలాడుచుండెను. మనుమడు ముట్టబోయి, తనంతట తానే చేయి వెనుకకు తీసికొనెను.