దూరదర్శిని చూపు: బింబం స్పష్టతకు లెక్కే పునాది

సూరత్: ముడి వజ్రాన్ని సానపట్టడానికి ముందే స్కాన్ చేసి, ఎలా కోస్తే ఎంత రాయి దక్కుతుందో కంప్యూటర్‌లో అంచనా వేయడం సూరత్ కర్మాగారాల్లో నిత్యకృత్యం. దూరదర్శినుల రూపకల్పనలోనూ ఇదే పద్ధతి. దర్పణం తయారుకాకముందే నక్షత్ర బింబం ఎలా ఉంటుందో కంప్యూటర్ అనుకరించి చూపుతుంది. అయితే ఇక్కడ లెక్కలో అనుమతించే పొరపాటు కాంతి తరంగదైర్ఘ్యంలో స్వల్ప భాగమే.

ఎంత కచ్చితత్వం కావాలి?

ఆకుపచ్చ కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 550 నానోమీటర్లు. తరంగాగ్రంలోని సగటు దోషం ఇందులో 14వ వంతుకు, అంటే దాదాపు 40 నానోమీటర్లకు మించకపోతే బింబాన్ని నాణ్యమైనదిగా పరిగణిస్తారు. అప్పుడు బింబ కేంద్రంలో ఆదర్శ తీవ్రతలో 80 శాతం లభిస్తుంది. దర్పణ ఉపరితలంలోని దోషం పరావర్తనంలో రెట్టింపవుతుంది కనుక, అక్కడ 20 నానోమీటర్లే హద్దు.

లెక్క ఎక్కడ తప్పుతుంది?

కాంతి పది మీటర్లు ప్రయాణించిందనుకుందాం. ఏడు అంకెల వరకే నమ్మదగిన సింగిల్ ప్రెసిషన్ పద్ధతిలో, ఆ దూరం వద్ద గుర్తించగల కనీస తేడా దాదాపు 0.95 మైక్రోమీటర్లు. ఇది ఆకుపచ్చ కాంతి తరంగదైర్ఘ్యానికి ఒకటిన్నర రెట్లకు పైమాటే. అంటే దర్పణం నిర్దోషంగా ఉన్నా లెక్కలో దోషం కనిపిస్తుంది. డబుల్ ప్రెసిషన్‌లో ఆ తేడా మీటరులో కోటి కోట్లవ వంతు కంటే తక్కువ.

అంకెలు పెంచినంత మాత్రాన సమస్య తీరదు. తరంగాగ్రాన్ని గడులుగా విభజించి లెక్కించేటప్పుడు, పక్కపక్క గడుల మధ్య అర తరంగానికి మించిన మార్పు ఉంటే ఫలితంలో లేని ఆకృతులు పుట్టుకొస్తాయి.

హబుల్ పాఠం

1990 ఏప్రిల్‌లో ప్రయోగించిన హబుల్ దూరదర్శిని మసక చిత్రాలు పంపింది. ప్రధాన దర్పణం అంచు వద్ద 2.2 మైక్రోమీటర్ల మేర అధికంగా చదునైందని తేలింది. దర్పణాన్ని పరీక్షించిన పరికరంలో ఒక కటకం 1.3 మిల్లీమీటర్ల మేర స్థానం తప్పడమే కారణం. నక్షత్ర బింబాల నుంచి వెనక్కి లెక్కించి దోషం పరిమాణాన్ని అంచనా వేశారు. భూమిపై ఉన్న పరీక్షా పరికరాన్ని మళ్లీ కొలవగా అదే దోషం ధ్రువపడింది. దాని ఆధారంగా తయారైన సవరణ పరికరాలను 1993 డిసెంబరులో వ్యోమగాములు అమర్చారు. ఆ అంచనా తప్పి ఉంటే సవరణే మరో దోషమయ్యేది.

సరిచూసే మార్గం

సమాధానం ముందే తెలిసిన సమస్యతో అనుకరణను పరీక్షించడం ఉత్తమం. మధ్యలో అడ్డు లేని 3.6 మీటర్ల వృత్తాకార దర్పణానికి తొలి చీకటి వలయం 0.038 ఆర్క్ సెకన్ల వద్ద రావాలి. ఉత్తరాఖండ్‌లోని దేవస్థల్ దూరదర్శిని దర్పణం వ్యాసమూ ఇంతే. గడుల సంఖ్యను రెట్టింపు చేసినా ఫలితం మారకపోతేనే ఆ లెక్కను నమ్మి దర్పణాన్ని సానపట్టవచ్చు.