ఒకే పేరు, రెండు యంత్రములు

మనుష్యులు చదువదగిన రీతిలో వ్రాసిన ప్రోగ్రామును యంత్రము గ్రహింపదగిన ఆజ్ఞలుగా మార్చు సాధనమే కంపైలరు; అయితే యంత్రభాష ఒక్కటి గాదనియు, ప్రాసెసరునకొక భాషయు, ఆపరేటింగ్ సిస్టమునకొక మర్యాదయు వేర్వేరుగా నుండుననియు, ఆ రెండును ముందుగా నిర్ణయింపనిదే కంపైలరు నిర్మాణమే సాగదనియు పలువురెరుగరు.

రిచర్డ్ స్టాల్‌మన్ 1987లో తొలుత వెలువరించిన జీసీసీ అను కంపైలరును నిర్మించువారు మూడు సంగతులు నిర్ణయింపవలెను: అది ఏ యంత్రముపై నిర్మింపబడును, ఏ యంత్రముపై నడచును, ఏ యంత్రమునకై ఆజ్ఞలు వెలువరించును? మొదటి రెండును మన బల్లమీది కంప్యూటరే యై, మూడవది అరచేత నిముడు ‘రాస్ప్‌బెర్రీ పై’ అను చిన్న కంప్యూటరైనచో, అట్టిదానిని క్రాస్ కంపైలరందురు.

ఆ మూడవదానికి ‘ఆర్మ్-లినక్స్-గ్నూఈఏబీఐహెచ్ఎఫ్’ అని పేరు. ఆర్మ్ ప్రాసెసరు జాతి. లినక్స్ ఆపరేటింగ్ సిస్టము. కడపటి ‘హెచ్ఎఫ్’ దశాంశసంఖ్యల విషయమున పాటింపవలసిన ఒడంబడిక. ఒక ఫంక్షనునకు 2.5, 1.5 అను సంఖ్యలను డబుల్ రూపమున పంపవలసి వచ్చెననుకొందము. పాత ఒడంబడికలో మొదటిది ఆర్0, ఆర్1 రిజిస్టర్లలోను, రెండవది ఆర్2, ఆర్3లలోను చేరును. హెచ్ఎఫ్‌లో దశాంశగణితమునకే ప్రత్యేకించిన డీ0, డీ1లలో నిలుచును. ఒకరు పెరటిలో పెట్టినదానిని వేరొకరు వసారాలో వెదకిన దొరకునా? కావుననే ఈ రెండు తీరుల ముక్కలను కలుపుటకు, కంపైలైన ముక్కలను జోడించు లింకరను సాధనము నిరాకరించును.

అంతకంటె సూక్ష్మమైన చిక్కు వేరొకటి గలదు. 2012లో వచ్చిన తొలి రాస్ప్‌బెర్రీ పై లోనిది ఆర్మ్ ఆరవ తరమునకు చెందిన ప్రాసెసరు. డెబియన్ అను లినక్స్ పంపిణీయొక్క హెచ్ఎఫ్ వ్యవస్థ ఏడవ తరమును కోరును. అందుచేతనే ఔత్సాహికులు వేలకొలది ప్యాకేజీలను ఆరవ తరమునకై మరల కంపైలు చేసి రాస్ప్‌బియన్ అను వ్యవస్థను వెలయించిరి. అది ప్రశంసార్హమైన శ్రమ. కాని రెండు వ్యవస్థలలోను కంపైలరు పేరు ఒక్కటే! డెబియన్ కంపైలరుతో చేసిన ప్రోగ్రామును ఆ తొలి రాస్ప్‌బెర్రీ పై పలకమీద నడపినచో, ‘ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్’ అని ఆగిపోవును. మన ప్రోగ్రామును ఆరవ తరమునకే కంపైలు చేయుమని ఆజ్ఞాపించినను ప్రయోజనము లేదు. దానితో కలియు ప్రారంభసంకేతము, లైబ్రరీలు ఏడవ తరమునకు కట్టబడినవే గదా! కంపైలరును కాన్ఫిగర్ చేయునాడే ఆరవ తరము, వీఎఫ్‌పీ (దశాంశగణిత విభాగము), హార్డ్ ఫ్లోట్ (హెచ్ఎఫ్ ఒడంబడిక) అని నిర్దేశించి, దానితోపాటు లైబ్రరీలనుగూడ నిర్మించుటయే సరియైన మార్గము.

ప్రోగ్రాము సిద్ధమైన పిదప, పలకపైకి పంపుటకు ముందు, ‘రీడ్‌ఎల్ఫ్’ అను సాధనమును ‘-A’ (పెద్ద అక్షరము) అను గుర్తుతో నడపి చూడుడు. ప్రాసెసరు తరమను పంక్తిలో ‘వీ7’ కనబడినచో, అది ఆ తొలి పలకకు తగినది గాదు.